నోరు తెరిపించే బొమ్మ

పళ్ళ ఆసుపత్రి,
మందుల గది.
సోమవారం

కోడలు పిల్లా,

ఫోను చేస్తే నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. రెండో మాటకే "అది కాదు మావయ్యా" అని అందుకుంటావు. ఉత్తరానికి అడ్డు తగలడం నీవల్ల కాదు కాబట్టి రాస్తున్నాను. నువ్వూ ఉత్తరంలోనే జవాబియ్యి. నువ్వు కోపంగా రాస్తే మీ అత్తయ్యకి చదివి వినిపిస్తాను. ఈ మధ్య ఇంట్లో కాలక్షేపం తగ్గింది.

ముందు మెచ్చుకోవలసింది మెచ్చుకుంటాను. మొన్న సెలవుల్లో వచ్చి, నా ఆసుపత్రి కంప్యూటర్ కడుపులో ఉన్నదంతా కడిగేసి, మీ గుంపంతా కలిసి జీతం లేకుండా తయారుచేసే ఆ స్వేచ్ఛా సిస్టమ్ ఎక్కించి వెళ్ళావు కదా, అది బ్రహ్మాండంగా ఉంది. ఇదివరకు మీట నొక్కి ఒక పేషెంటు నోరు మొత్తం చూసి వచ్చినా తెర వెలిగేది కాదు. ఇప్పుడు కళ్ళజోడు తుడుచుకునే లోపే సిద్ధం. ఎక్స్‌రేలు తెరుచుకుంటున్నాయి, రేపు ఎవరెవరు వస్తారో చెబుతోంది. మధ్యలో లాటరీ తగిలిందని ఎవరూ అరవడం లేదు.

ఇక తిట్టవలసింది.

నా కుర్చీకి సరిగ్గా పైన, సీలింగుకి ఆ టీవీ ఎందుకు బిగించానో నీకు తెలుసు. కుర్చీలో పడుకున్నవాడు పైకి చూస్తాడు. పైన హాస్యం సినిమా ఆడుతూ ఉంటే వాడి నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. నేను "ఆ అనండి, ఇంకాస్త ఆ అనండి" అని గడ్డం పట్టుకుని బతిమాలక్కర్లేదు. నా వృత్తిలో సగం మత్తుమందు ఆ టీవీలోనే ఉంది.

నిన్న పెద్ద టీచరమ్మ వచ్చింది. బడిలో మూడు తరాల పిల్లల్ని వణికించి రిటైరైన మనిషి. నా చేతిలో సూది చూస్తే మాత్రం ఆవిడే వణుకుతుంది. నోట్లో వేలు పెడితే కొరకలేనంత అమాయకులని కొందరి గురించి అంటారే, ఆవిడ ఆ రకం కాదు. రెండుసార్లు కొరికింది. జ్ఞానదంతం పిప్పి పట్టి నరకం చూస్తూ కూడా, "ఆ దొంగ, పోలీసు సినిమా వేస్తేనే పడుకుంటా" అని షరతు పెట్టింది. పడుకుంది. నర్సమ్మ సినిమా మీట నొక్కింది. సీలింగు మీద నల్లటి తెర, దాని మధ్యలో ఒక్క వాక్యం: ఈ ఫైలును ఆడించడానికి కావలసిన డీకోడర్ లేదు.

టీచరమ్మ దాన్ని పైకి చదివింది. "వాక్యం బానే ఉంది. సినిమా ఏది?" అంది. ఇంకో సినిమా నొక్కాం. అదే వాక్యం. ఇంకోటి నొక్కాం. మళ్ళీ అదే. ఆవిడ లేచి, నోట్లో దూదితోనే చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

నా బొమ్మలన్నీ ఏం చేశావు తల్లీ?

మీ మావయ్య


మూడో అంతస్తు వాటా,
కిటికీ పక్క బల్ల.
శుక్రవారం

మావయ్యా,

నీ బొమ్మల్ని నేనేమీ చెయ్యలేదు. అవన్నీ పెట్టెలో భద్రంగా ఉన్నాయి. వాటిని విప్పే పనిముట్టు మాత్రం లేదు.

అత్తయ్యకి చదివి వినిపిస్తావు కాబట్టి అందరికీ అర్థమయ్యేలా రాస్తాను. సినిమా అనేది కంప్యూటర్‌కి చాలా పెద్ద మూట. అది పట్టడానికి నొక్కి నొక్కి మడతపెడతారు. చూసేటప్పుడు ఆ మడతలు విప్పాలి. మడతపెట్టి విప్పే ఈ పద్ధతిని కొడెక్ అంటారు. కొన్ని కొడెక్‌లు అందరివీ. ఎవరైనా వాడొచ్చు, లోపల చూడొచ్చు, బాగుచెయ్యొచ్చు. కొన్నిటికి కంపెనీలు తాళం వేసుకున్నాయి. విప్పే పనిముట్టు ఇస్తారు గానీ అందులో ఏముందో చూడనివ్వరు, పాడైతే బాగుచెయ్యనివ్వరు, పక్కవాడికి ఇవ్వనివ్వరు. అలాంటి ముక్కని మేము మా సిస్టమ్‌లో పెట్టం. మాది స్వేచ్ఛా సిస్టమ్ అని ఊరికే అనుకోవడం లేదు. నువ్వే చెప్పు, లోపల ఏముందో రాయని మత్తుమందు సీసా ఎవరైనా తెచ్చిస్తే, చౌకగా వచ్చింది కదా అని పేషెంటుకి పొడుస్తావా?

పైగా ఇప్పుడు సమయం కూడా మంచిది కాదు. "సిస్టమ్ ఎక్కించేటప్పుడే ఆ తాళం ముక్కల్ని కూడా చప్పుడు చెయ్యకుండా ఎక్కించేద్దాం, జనానికి సినిమాలు ఆడితే చాలు" అని మా గుంపులో కొందరు బయలుదేరారు. రెండు నెలల్లో దీని మీద ఓటు ఉంది. వద్దనే పక్షానికి నేనే ముందు నిలబడ్డాను. పగలంతా ఆఫీసులో జీతం తెచ్చే పని, సాయంత్రం నుంచి ఈ పోట్లాట. అలాంటిది, ముందు నిలబడ్డ మనిషి సొంత మావయ్య సీలింగు మీదే తాళం ముక్క దొరికిందనుకో, నా మొహం ఎక్కడ పెట్టుకోను?

అందుకని నీకో సినిమా పంపుతున్నాను. మా వాళ్ళే తీసి, అందరి కొడెక్‌లో మడతపెట్టి, ఎవరైనా ఎవరికైనా ఇచ్చుకోవచ్చని, కావలసినట్టు మార్చుకోవచ్చని రాసి పెట్టిన సినిమా. గుడ్డులోంచి బయటికొచ్చిన తాబేలు పిల్ల సముద్రం దాకా నడిచి వెళ్ళడం కథ. ఫొటోగ్రఫీ చూసి తీరాలి.

ఈ పోట్లాటలో మంచినీళ్ళు తాగే తీరిక కూడా లేదు. చల్లటివి ఎలాగూ మానేశాను, గొంతు కోసం. వచ్చే సెలవులకి రాలేనేమో.

నీ కోడలు పిల్ల


పళ్ళ ఆసుపత్రి,
కుర్చీ పక్క స్టూలు.
బుధవారం

కోడలు పిల్లా,

తాబేలు చేరింది. అంటే సినిమా చేరింది. తాబేలు ఇంకా చేరలేదు.

మొదటి రోజు బస్సు డ్రైవరు ఒకాయన దిగువ దంతానికి సిమెంటు పెట్టించుకోవడానికి వచ్చాడు. తాబేలు వేశాం. నోరు బాగానే తెరిచాడు. అది ఆవలింతని నాకు తరవాత తెలిసింది. తాబేలు ఇసుకలో ఒక గుంట దాటే లోపే ఆయన నిద్రపోయాడు. మనిషి నిద్రపోతే దవడ మూసుకుంటుంది. ఆ దవడల మధ్య నా బొటనవేలుంది. ఈ ఉత్తరంలో అక్షరాలు వంకరగా ఉన్నాయంటే కారణం అదే.

రెండో రోజు టీచరమ్మ వాకిట్లోంచే తొంగిచూసింది. "ఏం ఆడుతోందీ?" అంది. "తాబేలండీ" అన్నాను. తల పైకెత్తి కాసేపు చూసింది. "నేను పోయేలోపు చేరుతుందా అది?" అని వెనక్కి తిరిగి వెళ్ళింది. ఆ వాచిన చెంపతోనే.

కానీ నువ్వు దిగులు పడకు. ఇప్పుడు అంతా సర్దుకుంది. దానంతట అదే సర్దుకుంది. బొమ్మలు ఆడుతున్నాయి, నోళ్ళు తెరుచుకుంటున్నాయి, అందరూ క్షేమం. ఈ విషయం మళ్ళీ ఎత్తకు. నీ ఓటు సంగతి నువ్వు చూసుకో.

అది సరేగానీ, చల్లటివి మానేశానన్నావు. గొంతు కోసం చల్లటివి మానేసిన వాళ్ళు వేడివి మానరు. నువ్వు వేడివి కూడా మానేశావా? ఏ వైపు?

మీ మావయ్య


మూడో అంతస్తు వాటా.
ఆదివారం

మావయ్యా,

దానంతట అదే సర్దుకునే జబ్బు మీ శాఖలో ఉందేమో నాకు తెలియదు. మా శాఖలో లేదు.

నర్సమ్మకి ఫోను చేశాను. ఆవిడ "నన్నేం అడక్కమ్మా, డాక్టరుగారు చెప్పొద్దన్నారు" అని మొదలుపెట్టి, ఆపకుండా మొత్తం చెప్పింది. మధ్యలో నేను ఊ కూడా కొట్టలేదు.

వీధిలో సెల్లు రిపేరు షాపతన్ని పిలిచావట. అతను ఎక్కడిదో పేరూ ఊరూ లేని సైటు నుంచి ఒక ప్లేయర్ దింపి పెట్టాడట. ఏ సినిమా అయినా ఆడుతుందట. ఊరికే వచ్చిందని నువ్వు అతనికి టీ కూడా ఇచ్చావట. టీచరమ్మకి కబురు పంపావట. ఆవిడ వచ్చి, పడుకుని, దొంగ పోలీసు టోపీ పెట్టుకునే చోటికి వచ్చేసరికి పగలబడి నవ్వడం మొదలెట్టిందట. నువ్వు ఇదే సందని పటకారు పెట్టి జ్ఞానదంతాన్ని పట్టుకున్నావట. సరిగ్గా అప్పుడు సినిమా ఆగిపోయిందట.

ఆ తరవాత సీలింగు మీద ఏం వచ్చిందో నువ్వు రాస్తావేమోనని ఈ ఉత్తరం రెండు రోజులు ఆపాను. రాయవని తేలిపోయింది కాబట్టి నేనే రాస్తున్నాను.

"పన్ను నొప్పా? ఇంకా ఆ పాతకాలం పటకార్ల డాక్టరు దగ్గరికే వెళ్తున్నారా? మీ వీధి చివరే కొత్త దంతవైద్యశాల! చేపల తొట్టె చూస్తూ హాయిగా కూర్చోండి!"

సంగీతంతో సహా. నీ సీలింగు మీద. నీ కుర్చీకి పైన. నీ చేతిలో పటకారు ఉండగా.

నువ్వు బొమ్మలా నిలబడిపోయావని నర్సమ్మ చెప్పింది. ఆ ప్రకటన చూసి టీచరమ్మ ఇంకా పెద్దగా నవ్విందట. ఆ నవ్వు ఊపుకి పన్ను నీ ప్రమేయం లేకుండానే ఊడి వచ్చేసిందట. "ఇంత హాయిగా ఎప్పుడూ పీకించుకోలేదు, ఆ ప్రకటన ఇంకోసారి వెయ్యండి" అందట.

ఆ ప్లేయర్‌కి నీ వీధి ఏదో ఎలా తెలిసింది మావయ్యా? నీ దగ్గరికి పన్ను నొప్పి వాళ్ళే వస్తారని దానికి ఎవరు చెప్పారు? అదే నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది. లోపల ఏముందో చూడనివ్వని ముక్క అంటే ఇదే. సిస్టమ్‌ని మళ్ళీ కడగాలి. ముందు ఇంటర్నెట్ వైరు పీకేసి, ఆ ప్లేయర్‌ని తీసెయ్యి.

నా పళ్ళు భేషుగ్గా ఉన్నాయి. ఏ వైపూ లేదు.

కోపంగా,
నీ మేనకోడలు


పళ్ళ ఆసుపత్రి మేడ,
మీ అత్తయ్య కుట్టుమిషను బల్ల.
గురువారం

కోడలు పిల్లా,

వైరు పీకేశాను. ప్లేయర్‌ని తీసి పారేశాను. నర్సమ్మతో మాట్లాడటం కూడా మానేశాను. ఆవిడకి ఆ సంగతి ఇంకా తెలియదు, మామూలుగానే మాట్లాడుతోంది.

నీ ఉత్తరం మీ అత్తయ్యకి చదివి వినిపించాను. చేపల తొట్టె దాకా వచ్చేసరికి ఆవిడ కుట్టుమిషను ఆపేసి పమిట నోట్లో కుక్కుకుంది. ఇంట్లో కాలక్షేపానికి ఇప్పుడు లోటు లేదు.

తప్పు నాదే. నువ్వు చెప్పిన సీసా పోలిక కూడా సరిగ్గానే అతికింది. కానీ నువ్వు అడ్డు తగలలేని ఈ కాగితం మీద ఒక మాట చెబుతాను, విను.

నేను ఇన్నేళ్ళుగా పళ్ళు పీకుతున్నాను. పుచ్చిపోయి, చీము పట్టి, ఉంటే ప్రమాదమని నాకు నిశ్చయంగా తెలిసిన పన్ను కూడా అడక్కుండా పీకలేదు. "ఇది తీసెయ్యాలి, ఇందుకు తీసెయ్యాలి, తీస్తే నాలుగు రోజులు నమలలేరు, తీయమంటారా?" అని అడుగుతాను. వద్దంటే మాత్ర ఇచ్చి పంపేస్తాను. పన్ను వాళ్ళది.

నువ్వు నా కంప్యూటర్‌లో పాతదంతా తీసేటప్పుడు బొమ్మలు ఆడవని నీకు తెలుసు. తెలిసీ చెప్పలేదు. అడగలేదు. "మావయ్యకి మంచిదేదో నాకు తెలుసు" అనుకున్నావు. మీ గుంపులో చప్పుడు చెయ్యకుండా ఎక్కించేద్దామన్న వాళ్ళ మీద పళ్ళు నూరుతున్నావే, చప్పుడు చెయ్యకుండా తీసెయ్యడం మాత్రం ఏ స్వేచ్ఛ కిందికి వస్తుంది?

కష్టపెట్టి ఉంటే మన్నించు. సరదాగా మొదలుపెట్టాను, కలం అటు తిరిగింది.

ఇంకో సంగతి. ప్లేయర్ పోయాక సీలింగు బోసిపోయింది. తాబేలు వెయ్యడానికి బొటనవేలు ఒప్పుకోలేదు. ఇలా కాదని నేనే సినిమా తీద్దామనుకున్నాను. నవ్వకు. ఆదివారం పొద్దున్న మేడ కిటికీలో, నమూనా దవడల అట్టపెట్టెలు రెండు పెట్టి, వాటి మధ్య నా ఫోను ఇరికించి వీధిని వీడియో తీశాను. ఎంత బాగా వచ్చిందనుకున్నావు! దర్జీ షాపు తలుపు తీస్తుంటే పిల్లి వాడికంటే ముందు లోపలికి దూరింది. ఒక తండ్రి కూతురికి సైకిలు నేర్పుతూ తనే పడ్డాడు. టీచరమ్మ కూరగాయల బండి దగ్గర ఒక్క వంకాయని పరీక్ష పేపరు దిద్దినట్టు అటూ ఇటూ తిప్పి చూసి, ఫెయిల్ చేసి పక్కన పడేసింది. కాయ వెనక కాయ, బుట్టెడు ఫెయిల్. బండివాడు చేతులు కట్టుకుని ఫలితాల కోసం నిలబడ్డాడు.

ఫోన్లోంచి కంప్యూటర్‌లోకి ఎక్కించి, గర్వంగా మీట నొక్కాను. ఏమొచ్చిందో తెలుసా? కావలసిన డీకోడర్ లేదు!

నా ఫోను. నా కిటికీ. నా వీధి. తీసింది నేను. అది చూసుకోవడానికి ఎవడి తాళంచెవో కావాలా? ఎవడు వాడు? వాడికి వంకాయలతో ఏం పని?

నాకిప్పుడు నిజంగా కోపం వచ్చింది. మీ గుంపులో ఎలా చేరాలో రాయి.

మీ మావయ్య


మూడో అంతస్తు వాటా.
మంగళవారం

మావయ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి ఇంకా వచ్చింది. మూడోసారి రాలేదు.

నువ్వు అన్నది నిజమే. నేను అడగలేదు. అడిగితే నువ్వు "బొమ్మలు ఉంచు" అంటావని భయం. అందుకే అడగలేదు.

నీ వీడియో పంపు. ఫోను కంపెనీ దాన్ని తన తాళం పద్ధతిలో మడతపెట్టింది. నేను ఇక్కడ విప్పి, అందరి పద్ధతిలో మళ్ళీ మడతపెట్టి పంపుతాను. నీ ఫోన్లో ఏ మీట మార్చితే ఇకనుంచి తాళం పడకుండా ఉంటుందో చిన్న కాగితం మీద రాసి పెట్టాను. గుంపులో చేరడానికి ఏమీ అక్కర్లేదు. కోపం వస్తే చాలు, చేరిపోయినట్టే.

నిన్న మా వాళ్ళ ముందు కొత్త మాట పెట్టాను. తాళం ముక్కల్ని మనం చప్పుడు చెయ్యకుండా పెట్టొద్దు, చప్పుడు చెయ్యకుండా ఎగ్గొట్టొద్దు. సిస్టమ్ ఎక్కించేటప్పుడే తెర మీద ఒక ప్రశ్న అడుగుదాం. కావాలన్నవాళ్ళకి, ఆ కంపెనీలే ఇచ్చే ముక్కల్ని దింపుకునే దారి చూపిద్దాం. వద్దన్నవాళ్ళకి వద్దు. అంతే అన్నాను. రెండు పక్షాలవాళ్ళూ కలిసి నా మీద పడ్డారు. ఇన్నాళ్ళకి వాళ్ళు ఒక విషయంలో ఒక్కటయ్యారు. మా గడ్డం గురువుగారు, ఈ సిస్టమ్‌కి మొదటి ఇటుక పెట్టినాయన, "నువ్వు కూడానా అమ్మా?" అని ఒక్క మాట రాసి ఊరుకున్నాడు. అది అన్నిటికంటే గుచ్చుకుంది.

ఆ ప్రశ్న రాశాను. ఈ కవరులోనే పెట్టాను. చదివి, పేషెంట్లకి అర్థమవుతుందో లేదో చెప్పు.

ఉత్తరం చిన్నదిగా ఉందని ఏదేదో ఊహించుకోకు. పని ఎక్కువగా ఉంది.

నీ కోడలు పిల్ల


పళ్ళ ఆసుపత్రి,
పేషెంట్లు కూర్చునే బెంచీ.
శనివారం

కోడలు పిల్లా,

మీ అమ్మ ఫోను చేసింది. నేను అడగలేదు. "నన్నేం అడక్కు, అది చెప్పొద్దంది" అని మొదలుపెట్టింది. ఆ తరవాత నీకు తెలిసిందే, మన చుట్టూ ఉన్నవాళ్ళందరూ నర్సమ్మలే.

చెంప బన్నులా ఉబ్బిందట. నెలరోజులుగా లవంగం మొగ్గ దవడలో పెట్టుకుని తిరుగుతున్నావట. దంతవైద్యుడి మేనకోడలివి! మా అక్క కూతురివి! ఈ సంగతి చేపల తొట్టెవాడికి తెలిస్తే సీలింగు మీద కాదు, వీధి గోడల మీద వేయించుకుంటాడు. కుడి వైపు, కింద, చివరి నుంచి రెండోది అయ్యుంటుంది. చిన్నప్పుడే దానికి లోతైన గీతలుండేవి. వచ్చే శనివారానికి నువ్వు ఇక్కడ లేకపోతే నేనే పటకారు పట్టుకుని మీ మూడో అంతస్తు ఎక్కుతాను. పక్కవాటాల వాళ్ళు భయపడితే నా పూచీ లేదు.

ఇక నీ ప్రశ్న. బెంచీ మీద ఉన్నవాళ్ళందరికీ చదివి వినిపించాను. సగానికి వచ్చేసరికి బస్సు డ్రైవరుగారు మళ్ళీ నిద్రపోయాడు. ఈసారి నా వేలు దూరంగా ఉంది. "మేధోసంపత్తి హక్కులకు లోబడిన తృతీయపక్ష భాగములు" అన్న చోట టీచరమ్మ చెయ్యి చాచింది. "ఇటివ్వండి" అంది. ఎర్ర కలం ఆవిడ సంచీలోనే ఉంటుంది. నువ్వు రాసిన దాంట్లో ఆవిడ ఉంచింది రెండు మాటలు. "కావాలా", "వద్దా". మిగతాది ఆవిడే రాసింది:

"కొన్ని సినిమాలు, పాటలు ఆడాలంటే కంపెనీలు తాళం వేసిన ముక్కలు పెట్టాలి. వాటి లోపల ఏముందో మేము కూడా చూడలేదు. పెట్టకపోతే ఆ సినిమాలు ఆడవు. మిగతా పనులన్నీ జరుగుతాయి. ఇప్పుడు కావాలా, వద్దా? తరవాత మనసు మార్చుకోవచ్చు."

చదివి, "దీనికంటే ఎక్కువ చెబితే దాస్తున్నట్టు ఉంటుంది" అంది. నువ్వు ఆవిడ క్లాసులో లేకపోవడం నీ అదృష్టం. నీ కాగితానికి మార్కులు కూడా వేసింది. ఎన్నో చెప్పను.

మీ మావయ్య


మూడో అంతస్తు వాటా.
సోమవారం

మావయ్యా,

క్షేమంగా చేరాను. వాపు తీసింది. అమ్మ మెత్తటి అన్నం పెడుతూ, ప్రతి ముద్దకీ "నేనేం చెప్పలేదు వాడికి" అంటోంది.

ఎదురుగా చెప్పలేకపోయాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. చెప్పాలన్నా నోరు మొద్దుబారి ఉంది కదా.

నాకు ఆ కుర్చీ అంటే ఎంత భయమో నీకు తెలియదు. నువ్వు దీపం నా మొహం మీదికి తిప్పేసరికి నాలో సిద్ధాంతం, పక్షం, ఓటు ఏవీ మిగల్లేదు. "ఆ దొంగ, పోలీసు సినిమా వెయ్యి" అన్నాను. "తాళం ముక్క పెట్టాలే మరి" అన్నావు. "పెట్టెయ్, ఏదైనా పెట్టెయ్, నేనే నొక్కుతా" అని మీట కోసం చెయ్యి కూడా చాచాను. వద్దు పక్షానికి ముందు నిలబడ్డ మనిషిని!

నువ్వు ఇంతకాలం నన్ను ఆటపట్టించినవాడివి. నీకు అంతకంటే మంచి అవకాశం ఏం దొరుకుతుంది? ఫొటో తీసి గడ్డం గురువుగారికి పంపొచ్చు. కానీ నువ్వు ఆ మీట నాకు అందకుండా పక్కన పెట్టేశావు. "నొప్పిలో ఉన్నవాళ్ళు అన్న మాట నేను లెక్కలోకి తీసుకోను. తగ్గాక కూడా కావాలంటే అప్పుడు నొక్కుదువుగాని" అన్నావు. నేను మడతపెట్టి పంపిన నీ వీధి సినిమా వేశావు.

సూది ఎప్పుడు దిగిందో నాకు తెలియదు. వంకాయలు ఫెయిల్ అవుతున్నాయి. నాకు నవ్వొచ్చింది, నోరు తెరుచుకుంది. పక్కన నర్సమ్మ "అదిగో పిల్లి, ఇప్పుడు దూరుతుంది చూడమ్మా" అని నా చెయ్యి పట్టుకుంది. పన్ను ఉంచగలిగానని నువ్వు చెప్పినప్పుడు నాకు ఏడుపొచ్చింది. అది నొప్పి వల్ల కాదు. నువ్వు ఉంచావు, నాకు మాత్రం ఉంచే ఆలోచన లేదు, పీకెయ్యమనే వచ్చాను.

ఓటు నిన్న అయింది. టీచరమ్మ రాసిన ప్రశ్న కొద్దిలో గెలిచింది. గడ్డం గురువుగారు వ్యతిరేకంగానే వేశాడు. వేసి, నాకు విడిగా రాశాడు: "ఒప్పుకోను. అయినా వాక్యాలు శుభ్రంగా ఉన్నాయి. ఎవరు రాశారు?" రిటైరైన టీచరమ్మ అని చెప్పాను. మా సిస్టమ్‌లో ఉన్న హెచ్చరికలన్నీ ఆవిడ చేత దిద్దించగలవా అని అడుగుతున్నాడు. చాలా ఉన్నాయి మావయ్యా. ఆవిడకి మెల్లిగా చెప్పు.

నీ కోడలు పిల్ల


పళ్ళ ఆసుపత్రి,
మందుల గది.
శుక్రవారం

కోడలు పిల్లా,

టీచరమ్మకి మెల్లిగా చెప్పే ప్రయత్నం చేశాను. మాట పూర్తి కాకముందే కొత్త ఎర్ర కలం కొనడానికి వెళ్ళిపోయింది. మీవాళ్ళని జాగ్రత్తగా ఉండమను.

నువ్వు పంపిన కొత్త సిస్టమ్ నేనే ఎక్కించాను. ప్రశ్న వచ్చింది. నొప్పి లేదు, తొందర లేదు, మనసు నిలకడగా ఉంది. బాగా ఆలోచించి "కావాలి" నొక్కాను. దొంగ, పోలీసు తిరిగొచ్చారు. నువ్వు బాధపడతావని తెలుసు, అయినా దాచకుండా చెబుతున్నాను. కానీ నేను తీసే బొమ్మలు మాత్రం అందరి పద్ధతిలోనే తీస్తున్నాను. ఇప్పటికి బజారు, బస్టాండు, చేపల దుకాణం అయ్యాయి. చేపల దుకాణం బొమ్మకి నోళ్ళు బాగా తెరుచుకుంటున్నాయి, ముఖ్యంగా పిల్లి వచ్చాక. మీ అత్తయ్య నన్ను డైరెక్టరుగారూ అంటోంది, గౌరవంగా కాదు.

నిన్న పొద్దున్న ఎవరొచ్చారో చెప్పు. వీధి చివరి దంతవైద్యుడు! కుర్రవాడు, మర్యాదస్తుడు. "ఆ ప్రకటన మీ ఆసుపత్రిలో పడుతుందని నాకు తెలియదండీ, ప్రకటనలు వేసేవాళ్ళకి వీధి పేరు ఇచ్చానంతే" అని చేతులు నలుపుకున్నాడు. కాఫీ ఇచ్చాను. కాసేపు కూర్చుని అసలు సంగతి చెప్పాడు. చేపలు చచ్చిపోయాయట. పేషెంట్లు బోసి తొట్టెని చూస్తూ కూర్చోలేకపోతున్నారట. మా వీధి సినిమా గురించి ఎవరో చెప్పారట. "మీరేం అనుకోకపోతే ఒక కాపీ ఇస్తారా? మీ అనుమతి కావాలేమోనని..." అన్నాడు.

"అనుమతేమిటి బాబూ! ఇది స్వేచ్ఛా సినిమా. ఎవరైనా ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. మా మేనకోడలి సిద్ధాంతం" అని, సాయంత్రం రమ్మని ఎక్కించి ఇచ్చాను. అతను దణ్ణం పెట్టి వెళ్ళాడు.

నువ్వు ఇంకో మాట కూడా చెప్పావు, గుర్తుందా, ఇలాంటి సినిమాని ఎవరైనా మార్చుకోవచ్చని కూడా. కాబట్టి ఇచ్చే ముందు కాస్త మార్చాను. వీధి బొమ్మ మొదట్లో మా ఆసుపత్రి బోర్డు కనిపిస్తుంది. చివర్లో కూడా కనిపిస్తుంది. మధ్యలో, పిల్లి దూరిన ప్రతిసారీ కనిపిస్తుంది. పిల్లి ఇప్పుడు చాలాసార్లు దూరుతుంది.

మీ మావయ్య